చలి నిలవ చేసిన బావగారు

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం, ఇంటి ఖర్చులు అంతకంటే క్షేమం. అక్కడ నువ్వూ నీ మందుల షాపూ బాగున్నారని తలుస్తాను.

ఒకే ఊళ్లో, నాలుగు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. కారణం ఉంది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నేను మునిసిపాలిటీలో సభ్యుణ్ణయ్యాననీ, బతుకంతా ఆడిట్ చేసినవాణ్ణి కదా అని నన్ను ఖర్చుల కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారనీ నీకు తెలుసు. ఇప్పుడు మా ముందున్న పెద్ద పద్దు ఇన్సులిన్ సహాయం. షుగర్ జబ్బున్నవాడు డాక్టరు చీటీ పట్టుకొస్తే చాలు, నీలాంటివాడి షాపులో పావు వంతు ధర కట్టి సీసా తీసుకెళతాడు. మిగతా ముప్పావు వంతు ఊరి పన్నుల్లోంచి పోతోంది. ఉన్నవాడివా, లేనివాడివా అని అడిగే నాథుడు లేడు. దారిన పోయే దానయ్యలందరికీ ఊరు మందు పోయాలా? దీన్ని ఆపేయాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాను. బలపరచడానికి మా కోశాధికారి సిద్ధంగా ఉన్నాడు. ఆయన నాకంటే గట్టి మనిషి. టీ తాగితే కప్పు కడిగిన నీళ్లు కూడా వదలడు.

ఇక అసలు సంగతి. కమిటీకి వచ్చిన లెక్కల్లో పేర్లుండవు, సహాయం పొందేవాళ్ల కార్డు నెంబర్లే ఉంటాయి. అందరికీ నెలకొక సీసా సరిపోతుంటే నీ షాపులో ఒక్క కార్డుకి మాత్రం రెండేసి పోతున్నాయి. ఆ మనిషి మందు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నాడా, బకెట్లో కలిపి స్నానం చేస్తున్నాడా? ఎవరో ఏమిటో రాసి పంపు. సమావేశంలో ఉదాహరణ చెప్పడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

ఇంకోమాట. తీర్మానం తేలేదాకా కమిటీ అధ్యక్షుడు మందుల షాపువాడితో రాసుకుపూసుకు తిరిగితే నలుగురూ నవ్వుతారు. నేను నీ గడప తొక్కను, నువ్వు నా గడప తొక్కకు. నెలనెలా మీ అక్క నిన్ను చూడటానికి వస్తుంది కదా, అది కూడా బంద్. ఫోన్ వద్దు. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట ఫైల్లో ఉంటుంది.

ఇట్లు,
ఖర్చుల కమిటీ అధ్యక్షుడు, అనగా మీ బావ

తా.క. మీ అక్క ఈ మధ్య చెంబులకి చెంబులు నీళ్లు తాగుతోంది. రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తుంది, లేచిన ప్రతిసారీ లైటు వేస్తుంది. ఇన్నేళ్లుగా ఉన్న ఇల్లే కదా, చీకట్లో వెళ్లడం అలవాటు చేసుకో అన్నాను. నువ్వు కూడా ఓ మాట చెప్పు.


పూజ్యులైన బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. మీ ఉత్తరం చేరింది. పాత కరెంటు బిల్లు తిరగేసి కవరు చేశారు కదా, మీ ఇంటి బిల్లు నన్ను కట్టమంటున్నారేమోనని ముందు కంగారుపడ్డాను.

పేరు మాత్రం చెప్పలేను బావా. ఎవరు ఏ మందు కొన్నారన్నది కౌంటర్ దాటి బయటికి పోకూడదు. అది మా వృత్తిలో మొదటి పాఠం. పైగా ఆ మనిషికి నేను ఒట్టేసి మాటిచ్చాను. పేరు తప్ప మిగతాదంతా రాస్తాను, చదివితే మీ మనసే కరుగుతుందేమో చూద్దాం.

ఆ కార్డు ఒక ఆడమనిషిది. మర్యాదస్తురాలు. ఇంట్లో తిండికీ బట్టకీ లోటు లేదు. భర్త ఊళ్లో పేరున్నవాడు, మంచివాడే, అబద్ధమాడడు, లంచం ముట్టడు. కాకపోతే ఆయన చేతిలోంచి రూపాయి బయటికి రావాలంటే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. కొత్తిమీర కట్టకి కూడా ఆవిడ లెక్క చెప్పాలి. దానికి తోడు, ఊరి డబ్బుతో మందు కొనుక్కునేవాళ్లు ఊరి మీద పడి తినేవాళ్లని ఆయన రోజూ భోజనాల దగ్గర ఉపన్యాసం ఇస్తాడట. అలాంటి ఇంట్లో ఆవిడకి షుగర్ వచ్చింది. మాత్రలతో లొంగలేదు, ఇన్సులిన్ రాశారు. ఆ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. సిగ్గుపడింది బావా. జబ్బు వచ్చినందుకు సిగ్గుపడింది. కూరగాయల డబ్బుల్లో మిగుల్చుకుని ఆ పావు వంతు కడుతుంది. కౌంటర్ దగ్గర తెలిసినవాళ్లుంటే దగ్గు మందు అడిగి, వాళ్లు వెళ్లేదాకా టానిక్ సీసాల మీద పేర్లు చదువుతూ నిలబడుతుంది.

రెండు సీసాలెందుకో నాకూ అంతుపట్టలేదు. రోజూ వేళకి సూది వేసుకుంటున్నానంటుంది. షుగర్ మాత్రం దిగదు. డాక్టరు మోతాదు పెంచుతున్నాడు, నేను సీసాలు పెంచుతున్నాను. చాటుగా తీపి తింటున్నావు, నా దగ్గర అబద్ధాలాడుతున్నావు అని పోయినసారి కేకలేశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఇలాగే సాగితే ముందు కళ్లు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మనిషే దక్కదని డాక్టరు చెప్పాడు.

ఇంక అక్క సంగతి. మీరు రావద్దు, నేను రాను, ఒప్పుకున్నాను. అక్కని మాత్రం ఆపకండి. ఒక్క గంట పంపండి చాలు. రానూ పోనూ రిక్షా డబ్బులు నేనే ఇచ్చుకుంటాను, రసీదు కూడా పంపుతాను.

ఇట్లు,
విధేయుడు, మీ బావమరిది

తా.క. అక్కని కావలసినన్ని నీళ్లు తాగనివ్వండి. లైటు కూడా వేసుకోనివ్వండి. చీకట్లో పడితే ఎముకల డాక్టరు కరెంటువాళ్లలా నెల గడువు ఇవ్వడు.


చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి నా ఒళ్లు మండిపోయింది. ఆ ఇల్లాలి మీద కాదు, ఆ మొగుడి మీద.

ఏమయ్యా, ఇంట్లో అన్నీ ఉండి పెళ్లాం ప్రాణాన్ని ఊరి ఖజానాకి తగిలిస్తాడా? ఒకే కప్పు కింద ఉంటాడు, కంచం పక్కన కంచం పెట్టుకు తింటాడు, ఎదురుగా ఉన్న మనిషి మొహం ఎలా ఉందో చూడడా? చూడనివాడు ఊళ్లో పేరున్న మనిషా? అలాంటివాణ్ణి నేను కమిటీలో గుమాస్తాగా కూడా పెట్టుకోను. నువ్వేమో మంచివాడే అని సర్టిఫికెట్ ఇస్తున్నావు. మందులమ్ముకునేవాడికి అందరూ మంచివాళ్లే.

అయితే నేను ఆడిటర్ని. తెలియదు అన్న మాటని ఏనాడూ నమ్మలేదు. ఇంట్లో పిల్లి పాలు తాగితే తెలుస్తుంది, పెళ్లాం సూది వేసుకుంటే తెలియదా? వాడికంతా తెలుసు. తెలిసే ఆవిడని ముందుకి తోసి, తను వెనకుండి నడిపిస్తున్నాడు. ఒక సీసా ఆవిడకి, రెండోది పక్క ఊళ్లో పూర్తి ధరకి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి వాడే. పేరు నువ్వు చెప్పకపోతే నేనే లాగుతాను. తీర్మానం సంగతి తర్వాత, ముందు ఆ మొగుణ్ణి సమావేశంలో నిలబెట్టి పరువు తీయకపోతే నా పేరు మార్చుకుంటాను.

అక్కని పంపమని బతిమాలుతున్నావు. నాకర్థమైంది. నా దగ్గర నీ పాచిక పారదని ఆవిడ ద్వారా చెప్పిద్దామని చూస్తున్నావు. విచిత్రమేమిటంటే రెండు రోజులుగా ఆవిడా అదే పాట. "ఒక్కసారి తమ్ముణ్ణి చూసొస్తానండీ, ఊరికే గుమ్మంలో నిలబడి వచ్చేస్తాను" అంటోంది. అక్కాతమ్ముళ్లు కూడబలుక్కున్నారన్నమాట. కుదరదని చెప్పాను.

ఇట్లు,
నిప్పులాంటి మీ బావ

తా.క. కరెంటు గురించి నన్ను ఎగతాళి చేశావు కాబట్టి నీకో రహస్యం చెబుతున్నాను, నీ షాపులో కూడా పనికొస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో ఫ్రిజ్ నాబ్‌ని ఆ చివరిదాకా తిప్పేస్తాను. తెల్లవారేసరికి లోపల కావలసినంత చలి నిలవ పడుతుంది. వెనక పెట్టిన నీళ్ల సీసా రాయిలా అయిపోతుంది. పొద్దున్నే ప్లగ్గు పీకేస్తాను. సాయంత్రం దాకా ఆ నిలవ చలితోనే నడుస్తుంది. ఏడాది నుంచి ఇదే పద్ధతి. మీ అక్క ఎందుకండీ ఇదంతా అని గొణుగుతుంది. ఆవిడకి సైన్సు తెలియదు.


పూజ్యులైన బావగారికి,

నమస్కారం. మీ తా.క. చదివి షాపులో స్టూలు మీద కూలబడ్డాను. కౌంటర్ దగ్గరున్న ముసలాయన నాకే మాత్రలివ్వమని నా భార్యని పిలిచాడు.

బావా, ముందు లేచి వెళ్లి ఫ్రిజ్ నాబ్ మధ్యకి తిప్పండి. ప్లగ్గు పెట్టండి. పెట్టి వచ్చి మిగతా ఉత్తరం చదవండి.

తిప్పారా?

ఇప్పుడు వినండి. రెండు సీసాల రహస్యం తేలిపోయింది. ఇన్సులిన్‌ని చల్లగా ఉంచాలి, కానీ గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే సీసా అదే, లేబులు అదే, లోపలున్నదాన్ని మాత్రం నమ్మడానికి లేదు. ఎంత పొడుచుకున్నా షుగర్ దిగదు. ఆ ఇల్లాలికి చల్లగా దాచుకో అని చెప్పింది నేనే. గడ్డకట్టనివ్వకు అని చెప్పలేదు. ఎక్కడ దాస్తుందో ఆవిడే ఓసారి మాటల్లో చెప్పినా నేను పట్టించుకోలేదు. భర్త కంట పడకూడదని ఆవిడ సీసాని ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెనక దాస్తుంది. వాళ్లింట్లో కూడా మీలాంటి చలి శాస్త్రజ్ఞుడే ఒకాయన ఉన్నాడని నాకు ఇవాళే తెలిసింది. పాడైన మందు పొడుచుకుని ఆవిడ కుంగిపోతుంటే నేను తీపి తింటున్నావని తిట్టాను. ఆ కొంగు అడ్డం పెట్టుకున్న మొహం కళ్లముందునుంచి పోవడం లేదు. ఇన్నేళ్లు తెల్లకోటు వేసుకుని ఈ కౌంటర్ వెనక నిలబడ్డందుకు సిగ్గుగా ఉంది. ఇవాళ కోటు వేసుకోలేదు కూడా.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కలాగే చెబుతాను. ఆ భర్త ఊరి డబ్బు మిగల్చాలని ఉపన్యాసాలిస్తాడు. ఆ ఉపన్యాసాలకి జడిసి ఆవిడ సీసా వెనక్కి తోస్తుంది. వెనక తోసిన సీసాని ఆయన పొదుపు గడ్డకట్టిస్తుంది. పాడైన సీసాకి బదులు ఇంకో సీసా, దానికి ముప్పావు వంతు ఊరి డబ్బు. ఊరి మీద పడి తింటున్నది ఎవరు బావా?

ఆయన దొంగ కాడు, ఆవిడ అసలే కాదు. సమావేశంలో ఎవరి పరువూ తీయకండి. ఆ తర్వాత బాధపడేది మీరే. అక్కని మాత్రం ఇవాళే పంపండి. పంపకపోతే నన్నయినా రానివ్వండి. కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
తలెత్తుకోలేని మీ బావమరిది

తా.క. నాబ్ తిప్పకుండానే ఇక్కడిదాకా చదివేశారని నాకు తెలుసు. లేవండి.


చిరంజీవి బావమరిదికి,

తిప్పలేదు. నా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ లేదు, కాబట్టి నా నాబ్ నా ఇష్టం.

నువ్వు రాసింది మాత్రం బంగారంలాంటి సమాచారం. వాడు దొంగ అనుకున్నాను, వట్టి మూర్ఖుడని తేలింది. ఇది ఇంకా బాగుంది. దొంగనైనా క్షమించవచ్చు, వాడు కనీసం బుర్ర వాడతాడు. వీడు పెళ్లానికి తెలియకుండా పెళ్లాం మందునీ, ఊరికి తెలియకుండా ఊరి డబ్బునీ మంచులో పాతిపెట్టాడు. నా ఉపన్యాసం మళ్లీ మొదటినుంచీ రాశాను. పేరు "ఆ భర్తకి సిగ్గుందా?" అని పెట్టాను. కమిటీ గదిలో సగం చదివి వినిపిస్తే సభ్యులు కుర్చీల్లో పడీ పడీ నవ్వారు. కోశాధికారి అయితే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, అందరికీ సొంత డబ్బుతో టీ చెప్పాడు. ఇలాంటిది ఊరు పుట్టాక జరగలేదు.

ఆ మూర్ఖుడితో నన్ను పోల్చావు, చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. నా ఇంట్లో నాకు తెలియకుండా చీమ దూరదు. వంటింట్లో ఉప్పు ఎంతుందో అడుగు, ఈ కుర్చీలోంచి లేవకుండా చెబుతాను.

రేపు సాయంత్రం సమావేశం. నిన్ను సాక్షిగా పిలుస్తున్నాను, నోటీసు ఈ కవర్లోనే ఉంది, పోస్టయితే ఆలస్యమని ఆఫీసు బంట్రోతుతో పంపుతున్నాను. అందరి ముందూ పేరు అడుగుతాను. చెప్పి తీరాలి. బావమరిదివని వదలను.

ఇట్లు,
మీ బావ

తా.క. మీ అక్క నిన్న వంటింట్లో తూలి గోడ పట్టుకుంది. చిక్కిపోయింది కూడా. సన్నబడ్డావు, మంచిదే అన్నాను. ఇవాళ పొద్దున్నుంచి పడుకునే ఉంది. పిలిస్తే పలుకుతోంది కానీ మాట ముద్దగా వస్తోంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. నాకెందుకో కాస్త గాభరాగా ఉంది. మందులు తెలిసినవాడివి, చవకలో ఏదైనా ఉంటే రాసి పంపు.


బావా,

నమస్కారాలు తర్వాత. ఇది పోస్టులో రాలేదు, నేనే తెచ్చి మీ గేటు సందులోంచి తోశాను. గడప తొక్కకు అన్నావు కాబట్టి ఎదురుగా టైలరు షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆటో పట్టుకునే వచ్చాను.

వంటింట్లోకి వెళ్లు. ఫ్రిజ్ తెరువు. కింది అరలో, అన్నిటికంటే వెనక, బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది. మూత తియ్యి.

చూశావా?

ఆ భర్తవి నువ్వే.

చెప్పనని అక్కకి ఒట్టేశాను, ఇవాళ గట్టున పెడుతున్నాను. ఉత్తరాలు రాసుకుంటూ ఇన్నాళ్లు కూర్చున్నానే, అందుకు నన్ను చెప్పుతో కొట్టాలి. అక్క నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు. బతికుండి క్షమించకపోతే చాలు.

నన్ను రావచ్చంటే వీధి కిటికీ తెరువు. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తా.క. ఆటో మీటరు తిరుగుతోంది. దాని గురించి ఆలోచించకు.

ఇంకో తా.క. తొందరలో నువ్వు అనేశాను. అక్క లేచి కూర్చున్నాక మళ్లీ మీరు అంటాను.


చిరంజీవి బావమరిదికి,

రోజూ మా ఇంటికి వచ్చి మీ అక్కని చూసి వెళుతున్నావు. నేను హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక మళ్లీ కాగితం తీశాను. ఈసారి ఫైల్లో పెట్టడానికి కాదు.

ఆ రోజు కిటికీ తెరిచాను, నువ్వు పరుగెత్తుకొచ్చావు. నా చేతిలో ఆ రేకు డబ్బా చూసి కూడా నేరుగా అక్క మంచం దగ్గరికి వెళ్లావు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆస్పత్రిలో డాక్టరు నన్ను చూసి మీరెవరు అన్నాడు. భర్తని అన్నాను. ఎన్నాళ్లుగా ఉంది ఈ జబ్బు అన్నాడు. తెలియదు అన్నాను. ఏ మందు, రోజుకి ఎంత, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నాడు. అన్నిటికీ తెలియదనే అన్నాను. పక్కనున్న నర్సు నన్ను ఎగాదిగా చూసింది. తెలియదన్నవాణ్ణి నేను ఏనాడూ నమ్మలేదని నీకు రాశాను కదా. ఆవిడా నమ్మినట్టు లేదు.

మర్నాడు సాయంత్రం మీ అక్కకి సెలైన్ ఎక్కుతుండగా నువ్వు మంచం పక్కన కూర్చున్నావు. కాసేపు బయటికి వెళ్లొస్తానన్నాను. వెళ్లింది సమావేశానికి. సాక్షిగా నిన్ను రావద్దన్నానని చెప్పాను, ఎందుకని ఎవరూ అడగలేదు. హాలు నిండిపోయింది. ఉపన్యాసం గురించి ముందే పాకిపోయింది కాబట్టి అందరూ నవ్వడానికి సిద్ధపడి వచ్చారు. కోశాధికారి ముందు వరసలో చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

వేరే ఉపన్యాసం రాసుకునే తీరిక లేదు. పాతదే తీశాను. ఒక్క మాట మార్చకుండా, ఒక్క తిట్టు వదలకుండా మొదటినుంచి చివరిదాకా చదివాను. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి హాలు గొల్లుమంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడని గుడ్డివాడు అన్నాను, బల్లలు చరిచారు. చివర్లో రాసుకున్నట్టే "ఆ భర్తకి సిగ్గుందా?" అని గట్టిగా అడిగాను. లేదు లేదు అని అందరూ అరిచారు. పేరు చెప్పండి, పేరు చెప్పండి అన్నారు.

చెప్పాను. "నిన్నటిదాకా లేదు. నిన్న సాయంత్రం నుంచి ఉంది. ఆ భర్తని నేనే" అన్నాను. ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు, పక్కవాళ్లు వాళ్ల మోచేతులు నొక్కారు.

తీర్మానం వెనక్కి తీసుకున్నాను. పాడైన సీసాలకి ఊరు కట్టిన డబ్బు నా పెన్షన్లోంచి జమ చేసుకోమన్నాను. అలా జమ చేసుకోవడానికి పద్దు లేదండీ అన్నాడు కార్యదర్శి. ఉద్యోగమంతా పద్దులు మూయించినవాణ్ణి, మొదటిసారి ఒకటి తెరవమని బతిమాలాను. సహాయం అలాగే సాగుతుందని తీర్మానించి లేచారు. ఎవరూ నా కళ్లలోకి చూడలేదు.

బయట సైకిళ్ల స్టాండ్ దగ్గర కోశాధికారి నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు. తిట్టడానికే అనుకున్నాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టకూడదన్నారు?" అన్నాడు. ఎవరికండీ అన్నాను. తల దించుకుని చెప్పుతో నేల మీద గీతలు గీస్తూ నిలబడ్డాడు. ఆయనకే. రెండేళ్లయిందట. ఇంట్లో తెలియదట. తీర్మానాన్ని బలపరచకపోతే నలుగురికీ అనుమానం వస్తుందని బలపరిచాడట. "రద్దయిపోతే మీరేం చేసేవారు?" అన్నాను. "అదే ఆలోచిస్తూ నిద్రపోవడం మానేశానండీ" అన్నాడు. ఇద్దరం కాసేపు ఆ సైకిళ్ల మధ్య పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడ్డాం. ఆయన కార్డు ఇంకెవరి షాపులోనో ఉందట, ఇక నీ దగ్గరికి మార్చుకుంటానన్నాడు. వస్తే గట్టిగా పలకరించకు.

ఇదంతా పెద్ద కష్టం కాలేదు బావమరిదీ. పదిమంది ముందు సిగ్గుపడటం ఒక పూటతో అయిపోయింది. అసలుది ఇంటికొచ్చాక మొదలైంది.

మీ అక్క ఆస్పత్రినుంచి వచ్చినరోజు సాయంత్రం, సూది ఎలా వేసుకుంటావో చూపించు, నేను నేర్చుకుంటానన్నాను. ఆవిడ సీసా తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు కొట్టాను. "మీ ముందు అలవాటు లేదండీ" అంది లోపలినుంచి. ఇన్నేళ్ల కాపురం. ఆవిడకి నా ముందు అలవాటు లేదు.

తర్వాత అడిగితే ఒకటొకటే చెప్పింది. నేను స్నానానికి వెళ్లగానే డబ్బా తీసేదట. సీసా గడ్డకట్టి ఉంటే గుప్పిట్లో పెట్టుకుని కరిగించుకునేదట. నీళ్ల చప్పుడు ఆగేలోపు పొడుచుకుని మళ్లీ వెనక దాచేసేదట. నేను అర బకెట్టు నీళ్లతో స్నానం ముగించే మనిషినని నీకు తెలుసు. ఆ చల్లదనానికి ఆవిడ వేళ్లు కొంకర్లు పోయేవట. జబ్బుకి భయపడలేదా అన్నాను. "జబ్బుకి మందుంది కదండీ" అంది.

నాబ్ మధ్యలోనే ఉంది. ప్లగ్గు పీకడం లేదు. సీసా ఇప్పుడు తలుపు అరలో, అందరికీ కనపడేలా పెట్టాను. పొద్దున చూస్తే ఆవిడ దాని ముందు పెరుగు గిన్నె అడ్డం పెట్టింది. గిన్నె నేను తీయలేదు. తీసే హక్కు నాకింకా రాలేదు.

ఇట్లు,
ఆ భర్త

తా.క. నువ్వింకా నన్ను నువ్వు అనే పిలుస్తున్నావు. అక్క లేచి కూర్చుని నాలుగు రోజులైంది. అయినా తొందరలేదు, నీకు ఎప్పుడు అనాలనిపిస్తే అప్పుడే మీరు అను.

ఇంకో తా.క. ఇవాళ మీ అక్క సూదిలోకి మందు ఎక్కించుకుంటుంటే, ఇలా ఇయ్యి, నేను వేస్తానని అడిగాను. "వద్దండీ, మీరు మందులో కూడా మిగులుస్తారు" అంది. నవ్వుతూ అన్నదో, నిజంగానే అన్నదో నాకు తెలియలేదు. నువ్వు తమ్ముడివి, ఆవిడ మొహం చూస్తే నీకు తెలుస్తుంది. రేపు వచ్చినప్పుడు చూసి, బయటికి వచ్చాక నాకు మెల్లిగా చెప్పు.